తారు మీద కంకర ఎందుకు చల్లుతారు?

అమెరికా పల్లెల్లో ఊరి రోడ్డు నుంచి ఇంటి గుమ్మం దాకా అర కిలోమీటరు సొంత దారి ఉండటం వింతేమీ కాదు. అంత పొడవునా మందపాటి తారు రోడ్డు వేయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఉత్త కంకర పోస్తే ఎండకు దుమ్ము, వానకు గుంతలు. అందుకే చాలామంది పలచగా తారు పోసి, దానిమీద చిన్న కంకర పరిపిస్తారు.

ఎలా? ముందు నేలను గట్టిపరిచి, నీళ్లు పక్కలకు జారేలా నడుమ కాస్త ఎత్తు చేస్తారు. అసలు బలమంతా ఈ పునాదిదే. అది మెత్తగా ఉంటే పైన ఏం వేసినా కుంగిపోతుంది. తర్వాత వేడి తారును పిచికారీ చేసి, చల్లారకముందే కంకర చల్లి రోలరుతో నొక్కుతారు.

రాయి పూర్తిగా మునిగితే టైరు జారుతుంది. పైపైన అంటితే ఊడిపోతుంది. అందుకే ప్రతి రాయీ సగానికి మించి తారులో దిగాలి, తల మాత్రం బయట ఉండాలి. రాళ్లకు దుమ్ము ఉంటే తారు రాయిని కాక దుమ్మునే పట్టుకుంటుంది! ఇందులో నాకు బాగా నచ్చేది పని పంపకం: తారు నీటిని లోపలికి పోనివ్వదు, రాయి చక్రాల ఒరిపిడిని భరిస్తుంది.

తారు అంటున్నాం గానీ, ఇప్పుడు వాడేది ముడి చమురు నుంచి వచ్చే బిటుమెన్.

మన దేశంలోనూ ఈ పద్ధతి ఉంది. కొత్తగా వేసినచోట కొన్నాళ్లు వదులు రాళ్లు ఉంటాయి. అక్కడ, ముఖ్యంగా మలుపుల్లో, సైకిలు నెమ్మదిగా తొక్కండి.