ద్విభాషియు నగరపాలనమును

శబ్దమునకు శక్తి కలదు. శక్తిగ్రహము లేనివాని చెవికి మాత్ర మది వట్టి ధ్వనియే. నగరపాలకుల ప్రకటనలకును నిదియే న్యాయము. టీకాను గూర్చియో బడిప్రవేశమును గూర్చియో వెలువడిన ప్రకటన యెంత నిర్దుష్టమైన యింగ్లీషున నున్నను, ఆ భాష రానివానికి లేనిదానితో సమానము.

ఈ చిక్కును న్యూయార్కు నగరము శాసనముచేఁ దీర్పఁ బూనినది. 2008లో మేయరు బ్లూంబర్గు ఉత్తరువుచే నాఱు భాషలలో సహాయ మేర్పడెను. 2017వ సంవత్సరపు 30వ స్థానికశాసనము వానిని బదికిఁ బెంచెను. అవి స్పానిషు, చీనా, రష్యను, బంగాళీ, హైతీ క్రియోలు, కొరియను, అరబ్బీ, ఉర్దూ, ఫ్రెంచి, పోలిషు. తఱచుగాఁ బంచెడి పత్రముల నీ భాషలలోనికిఁ బరివర్తింపవలెను. నూఱింటికిఁ దక్కువగాని భాషలలో టెలిఫోనుమీఁద ద్విభాషి సహాయ మొసఁగవలెను. శాఖశాఖకు నిందులకై యొక యధికారి యుండవలెను.

ఈ పట్టికలో ఫ్రెంచియుఁ గ్రియోలును వేర్వేఱుగా నుండుట గమనింపఁదగినది. క్రియోలు పదములు పెక్కు ఫ్రెంచినుండి పుట్టినవే. వ్యాకరణము మాత్రము వేఱు. తత్సమములు పెక్కు గలవని తెలుఁగు విన్నపమును తెలుఁగు రాని సంస్కృతపండితుని చేతఁ బెట్టిన నతఁడేమి గ్రహించును? చీనా విషయమునను వ్రాఁత కొక పరివర్తనము చాలవచ్చును గాని, కాంటనీసు మాటలాడువానికి మాండరిను ద్విభాషి యక్కఱకు రాఁడు.

ద్విభాషి శబ్దమే మన నోట దుబాసి యైనది. కంపెనీ కాలపుఁ జెన్నపట్టణమున దుబాసీలకుఁ గలిగిన ప్రాబల్యమునకుఁ గారణము సులభగ్రాహ్యము. ఇరువురి నడుమ రెండు భాషలు నెఱిఁగినవాఁ డొక్కఁడే యైనపు డాతని మాటయే యిరువురకును బ్రమాణము. తల్లి రోగమును వైద్యునకుఁ జెప్పుటకుఁ బసిబిడ్డను నిలిపినను నిట్టి యపాయమే: బిడ్డకు రోగముల పేళ్లు తెలియవు, తల్లికి బిడ్డయెదుట నన్నియుఁ జెప్ప నోరాడదు. కావున శిక్షితుఁడును, నుత్తరవాదియు నగు ద్విభాషిని సమకూర్చుట పాలకుల ధర్మము.

ఆ పదింటిలోఁ దెలుఁగు లేదు; బిడ్డల యింట నివసించు తెలుఁగు వృద్ధులకు టెలిఫోను ద్విభాషియే యాధారము. 2025 మార్చి 1వ తేదీని అమెరికా యధ్యక్షుఁ డింగ్లీషును అధికారభాషగాఁ బ్రకటించి, భాషాసహాయమును గూర్చిన 2000 సంవత్సరపు టుత్తరువును రద్దుపఱచెను. నగరశాసనము దానితో రద్దు కాలేదు. పన్ను గొనునపుడు భాష నడుగని ప్రభుత్వము సేవ చేయునపు డడుగుట న్యాయము కాదు. తెలుపవలసిన భారము తెలుపువానిదే.