పెరటి కంద – మందు కన్న ముందు ఆహారం

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్న సామెత వినని తెలుగువారు అరుదు. సామెత నిలిచింది గాని, కంద మాత్రం మన పెరళ్ళనుండి మెల్లమెల్లగా తప్పుకున్నది. ఒకప్పుడు నూతిగట్టు పక్కన, అరటిచెట్ల నీడలో, గొడుగు విప్పినట్లు ఒకే ఒక పెద్ద ఆకుతో నిలిచి ఉండే ఈ మొక్కను నేటి పిల్లలలో చాలామంది గుర్తించలేరు. బజారులో కోసి అమ్మే ముక్కను చూచి, "ఇది ఏ చెట్టుకు కాస్తుందండీ?" అని అడిగిన గృహిణి నాకు తెలుసు. పెళ్ళి భోజనంలో కంద బచ్చలికూర వడ్డించినప్పుడు మాత్రం అందరూ మారు వేయించుకుంటారు.

కందను ఇంట పెంచుకొనే విధానం, దురద లేకుండా వండుకొనే పద్ధతి, శాస్త్రం చెప్పిన గుణదోషాలు – ఈ మూడింటిని ఇక్కడ వివరిస్తాను. నా మాట వలన జరిగిన ఒక పొరపాటును కూడ పాఠకుల ముందు ఉంచుతాను. అది తెలియకుండా కంద గుణాలు మాత్రమే తెలిస్తే మేలుకు బదులు కీడు కలుగవచ్చు.

శాస్త్రంలో కంద

సంస్కృతంలో కందకు సూరణమని పేరు. అర్శోఘ్నమని మరొక పేరు. అర్శస్సులంటే మొలలు, వాటిని పోగొట్టేది కనుక అర్శోఘ్నం. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో, దుంపకూరలన్నింటిలోను సూరణమే శ్రేష్ఠమని నిర్ణయించాడు. ఇది వగరు, కారం రుచులు కలది. రూక్షం, లఘువు, తీక్ష్ణం. జఠరాగ్నిని పెంచుతుంది, అన్నం మీద రుచి పుట్టిస్తుంది, కఫాన్ని హరిస్తుంది. దురద పుట్టించే గుణాన్ని కూడ ఆయన దాచలేదు. చక్రదత్తంలో కందకు మట్టి పూసి, నిప్పులలో పుటపాకంగా కాల్చి, నూనె, ఉప్పు చేర్చి మొలల రోగికి పెట్టమని ఉన్నది. శార్ఙ్గధర సంహితలోని సూరణ వటకాన్ని ఈనాటికీ వైద్యులు వాడుతున్నారు.

మా గురువుగారి పెరటిలో ఎప్పుడూ పది కంద మొక్కలుండేవి. నాటడం, తవ్వడం శిష్యుల పని. ఒకనాడు నేను పచ్చి కంద ముక్కను కుతూహలం కొద్దీ నోట వేసుకున్నాను. క్షణంలో నాలుక, గొంతు సూదులతో పొడిచినట్లయినవి. గురువుగారు చింతపండు చప్పరించమని ఇచ్చి, నేను కుదుటపడిన తరువాత, "తీక్ష్ణగుణమంటే ఏమిటో ఇప్పుడు తెలిసిందా?" అని మాత్రం అన్నారు. అవి నిజంగా సూదులే. దుంపలోని కాల్షియం ఆక్సలేటు కంటికి కనబడని సూదిమొనల స్ఫటికాలుగా ఉంటుందని, అవి గుచ్చుకోవడమే దురదకు ముఖ్యకారణమని నేటి విజ్ఞానశాస్త్రం చెబుతున్నది.

పెంచే విధానం

వేసవి చివర, ఏప్రిల్, మే నెలలు నాటడానికి అనువైనవి. కేరళలో ఇంకా ముందుగా, కుంభమాసపు పున్నమినాడు నాటితే దుంప చంద్రబింబమంత ఊరుతుందని నమ్మకం.

విత్తనంగా అరకిలో నుండి ముప్పాతిక కిలో తూగే ముక్క కావాలి. దుంప నడుమ గుంటగా కనిపించే చోటనే మొలక కన్ను ఉంటుంది. ప్రతి ముక్కకు ఆ కన్నులో కొంత భాగం వచ్చేటట్లు నిలువుగా కోయాలి. కన్ను లేని ముక్క చాలాసార్లు మొలవక కుళ్ళిపోతుంది. కోసిన ముక్కలను చిక్కటి పేడనీళ్ళలో ముంచి, నీడన ఆరబెట్టాలి.

రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంట తీసి, పైమట్టిలో రెండు మూడు కిలోల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు కట్టెల బూడిద కలిపి నింపాలి. కన్ను పైకి ఉండేటట్లు ముక్కను ఉంచి, మట్టి కప్పి, దానిపై ఎండుటాకులు పరచాలి. గుంటకు గుంటకు మూడడుగుల ఎడం ఉండాలి. మొలక రావడానికి నెల, ఒక్కొక్కప్పుడు నెలన్నర పైన పడుతుంది. ఆత్రపడి తవ్వి చూడరాదు. నీరు నిలిచే చోట నాటరాదు. కాడ మొదలు కుళ్ళుతుంది. పెరడు లేనివారు ఒకటిన్నర అడుగుల లోతు గల తొట్టిలోగాని, పెద్ద గోనెసంచిలోగాని మేడ మీద పెంచుకోవచ్చు; దుంప కొంత చిన్నదవుతుంది, అంతే.

ఎనిమిది తొమ్మిది నెలలకు ఆకు పండి వాలిపోతుంది. మొక్క చచ్చిపోయిందని కొందరు విచారిస్తారు. దుంప ఊరి సిద్ధమైనదనడానికి అదే గుర్తు. అప్పుడు తవ్వుకోవచ్చు. తవ్వకుండా వదిలినా నష్టం లేదు. తొలకరికి మళ్ళీ మొలకెత్తి, పాత దుంపను తిని దానిపైనే కొత్త దుంప పెద్దదిగా ఊరుతుంది. ఇలా ఏళ్ళతరబడి ఒకేచోట బ్రతుకుతుంది. బాగా ముదిరిన దుంప ఆకుకు ముందు పువ్వు పూస్తుంది. ఆ పువ్వు ఈగలను ఆకర్షించడానికి కుళ్ళిన మాంసపు వాసన వేస్తుంది. అది మొక్క స్వభావమే గాని తెగులు కాదు.

ఇంటి వాడకానికి గజేంద్ర రకం మేలు. గోదావరి తీరాన కొవ్వూరులో ఎంపిక చేసిన రకమిది. దురద చాలా తక్కువ, పిల్లదుంపలు రావు. అడవిలో, గట్లమీద తనంతట మొలిచిన కందను మాత్రం తెలియనివారు వండరాదు; దాని దురద భరించరానిది.

దురద తీసి వండడం

తవ్విన వెంటనే వండకుండా, గాలి తగిలే పొడిచోట కొన్ని వారాలు నిలవ ఉంచిన దుంపకు దురద తగ్గుతుంది. చేతులకు నూనె రాసుకొని, తడి తగలకుండా తొక్కను మందంగా చెక్కాలి. ముక్కలను చింతపండు నీళ్ళలోగాని, పుల్లమజ్జిగలోగాని అరగంట నానబెట్టి కడిగి, ఉప్పు, పసుపు వేసి పూర్తిగా మెత్తపడేవరకు ఉడికించి, ఆ నీళ్ళను పారబోయాలి. సగం ఉడికిన కంద గొంతు పట్టుకుంటుంది.

ఉడికిన పావుకిలో కందకు రెండు గుప్పిళ్ళ బచ్చలి తరుగు, పలుచగా పిండిన చింతపండు రసం చేర్చి, దగ్గరకు వచ్చేవరకు ఉడికించి, మినపప్పు, ఇంగువ, కరివేపాకు, ఎండుమిరపతో పోపు పెట్టాలి. ఆవముద్దను పొయ్యిమీద కలపరాదు, చేదెక్కుతుంది. కూర దించి వేడి తగ్గిన తరువాత కలపాలి. కంద పులుసు, పొడికూర కూడ మంచివే. నూనెలో కరకరలాడేటట్లు వేయించినది నాలుకకు ప్రియమే గాని దానిని పథ్యమనలేము.

మలబద్ధకంతో, రక్తం పడని మొలలతో బాధపడేవారు ఆవ, మిరపకారం మాని, ఉడికిన కందను ఉప్పు, జీలకర్రతో కూరగా చేసుకొని, వెన్న తీసిన పలుచని మజ్జిగతో వారానికి రెండు మూడు పర్యాయాలు భుజించవచ్చు. దానిలోని పీచు మలాన్ని సాఫీగా వెడలజేస్తుంది. రోజూ తినవలసిన పని లేదు.

నేను చెప్పని సగం

కొన్నేళ్ళ క్రితం ఒక సభలో కందను గురించి మాట్లాడుతూ, అది అర్శోఘ్నమని, మొలలవారికి ఇంతకు మించిన కూర లేదని ఉత్సాహంగా చెప్పాను. నాలుగు నెలల తరువాత అరవై ఏళ్ళు పైబడిన ఒక విశ్రాంత ఉద్యోగి నా వద్దకు వచ్చారు. మనిషి చిక్కిపోయి, ముఖం పాలిపోయి ఉన్నది. విరేచనంలో రక్తం పడుతున్నదని, మొలలేనని తానే నిశ్చయించుకొని, నాలుగు నెలలుగా రోజూ కంద తింటున్నారట. "మీరే కదండీ, కంద తింటే మొలలు పోతాయన్నారు!" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, విశ్వాసమే ఉన్నది. అందుకే అది నన్ను ఎక్కువ బాధించింది.

బరువు తగ్గడం, మలప్రవృత్తి మారడం చూచి, నేను మందు ఇవ్వకుండా ఆనాడే శస్త్రవైద్యుని వద్దకు పంపాను. గొట్టంతో పరీక్షించగా పెద్దపేగు చివరిభాగంలో క్యాన్సరు పుండు ఉన్నట్లు తేలింది. శస్త్రచికిత్స జరిగింది, ఆయన బ్రతికారు. కాని ఆ నాలుగు నెలలు వృథా కావడంలో నా పాలు ఉన్నది.

కందను పొగిడిన భావమిశ్రుడే ఆ వెంటనే, తామర, కుష్ఠం మొదలైన చర్మవ్యాధులవారికి, రక్తపిత్తంవారికి ఇది హితం కాదన్నాడు. చరకుడు మొలలను శుష్కములని, ఆర్ద్రములని విడదీసి, రక్తం స్రవించేవాటిని వేరుగా చూడమన్నాడు. నేను ఆ సభలో మొదటి సగం చెప్పి, రెండవ సగం మరచాను. కంద ఆయనకు క్యాన్సరు తేలేదు. మొలలకు మందు తింటున్నానన్న భరోసా ఇచ్చి, పరీక్షను వాయిదా వేయించింది.

ఎవరు జాగ్రత్త పడాలి?

మలంలో రక్తం పడితే, అది మొలలేనని ఇంట్లో నిర్ణయించుకోరాదు. ముందు పరీక్ష, ఆ తరువాతనే పథ్యం. దురదతో కూడిన చర్మవ్యాధులు కలవారు కందను మానాలి. మూత్రపిండాలలో ఆక్సలేటు రాళ్ళు ఏర్పడేవారు కంద, బచ్చలి రెండింటికీ దూరంగా ఉండాలి. మూత్రపిండాలు దెబ్బతిని, పొటాషియం తగ్గించమని వైద్యుడు చెప్పినవారు అడగకుండా తినరాదు. మధుమేహం కలవారు అన్నం తగ్గించి, ఆ స్థానంలో కొద్దిగా తీసుకోవాలే గాని, అన్నానికి అదనంగా కాదు. కంద తిన్న తరువాత నాలుకగాని గొంతుగాని వాచి, ఊపిరి ఆడక ఇబ్బంది కలిగితే, చింతపండుతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి చేరాలి.

మిగిలినవారందరికీ కంద కడుపు నింపే చవకైన ఆహారం, అగ్నిని నిలిపే కూర. ఈ వేసవి చివర ఒక్క గుంట తీసి నాటండి. చీడపీడల బాధ తక్కువ. సంక్రాంతి నాటికి ఇంటిల్లిపాదికీ రెండు మూడు పూటలకు సరిపడే దుంప చేతికి వస్తుంది.

పైన చెప్పిన ఆ పెద్దమనిషి ఇప్పటికీ తన పెరటిలో కంద పెంచుతున్నారు. ప్రతి పుష్యమాసంలో ఒక దుంప మా ఇంటికి పంపుతారు. దానిని ఇరుగుపొరుగులకు పంచేటప్పుడు, గుణాలతోపాటు ఎవరు తినరాదో కూడ చెప్పి మరీ ఇస్తున్నాను.