ఇల్లే కార్యాలయమైన వేళ

ఉద్యోగమంటే ఉదయం ఇల్లు వదలి, సాయంత్రం తిరిగి రావడమనే భావన మన మనస్సులలో నాటుకొని ఉన్నది. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించడంతో ఈ భావన తారుమారైనది. హైదరాబాదు కంప్యూటర్ సంస్థలలో పనిచేసే మన ప్రాంతపు యువతీ యువకులు అనేకులు స్వగృహాలకు చేరి, అక్కడినుండే ఉద్యోగ ధర్మం నిర్వర్తించారు. అదే సంవత్సరం జూలైలో కరీంనగర్‌లో ఐ.టి. టవర్ ప్రారంభమైనది.

అయితే ఇంటిపట్టున పని మన జిల్లాకు కొత్త కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాలలో మన తల్లులు, అక్కచెల్లెళ్ళు ఒడిలో చేట పెట్టుకొని తునికాకుతో బీడీలు చుట్టడం మనం చిన్ననాటినుండి చూస్తున్నదే. వంట, పిల్లల ఆలనాపాలనల నడుమనే వేయి బీడీల లెక్క పూర్తి కావాలి. 1966లో పార్లమెంటు చేసిన చట్టం ఇంటివద్ద బీడీలు చుట్టేవారిని సైతం కార్మికులుగా గుర్తించినది. గడప దాటకుండా సంపాదన లభించడం ఇందలి మేలు. పనికీ విశ్రాంతికీ నడుమ గోడ లేకపోవడం ఇందలి కీడు. కంప్యూటర్ ఉద్యోగానికీ ఈ రెండూ వర్తిస్తాయి.

ఇక నూతన ఆవిష్కరణల మాట. 2021లో వెలువడిన ఒక పరిశోధన మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన 61 వేలకు పైగా ఉద్యోగులను పరిశీలించి, అందరూ దూరంనుండి పనిచేసినప్పుడు వేర్వేరు విభాగాల మధ్య సంబంధాలు సన్నగిల్లాయని తేల్చినది. ఎదురెదురుగా కూర్చున్న జంటలకంటే వీడియోలో మాట్లాడుకున్న జంటలకు కొత్త ఊహలు తక్కువగా తట్టాయని 2022లో మరొక పరిశోధన తెలిపినది. చూపు తెరకే అతుక్కొనడం వలన ఆలోచన పరిధి కుంచించుకుపోతుందని వారి వివరణ. కాని ఉన్న ఊహలలో మేలైనదాన్ని ఎన్నుకొనడంలో వీడియో జంటలు వెనుకబడలేదు.

చైనాలోని ట్రిప్.కామ్ సంస్థలో జరిగిన ప్రయోగ ఫలితాలు 2024లో ప్రచురితమైనాయి. వారానికి రెండు రోజులు ఇంటినుండి పనిచేసినవారిలో రాజీనామాలు మూడవ వంతు తగ్గాయి. పనితీరు మాత్రం తగ్గలేదు. కావున మధ్యేమార్గమే శ్రేయస్కరమని మా అభిప్రాయం.

యంత్రాలవలన కలిగే మానసిక ఒత్తిడిని 1984లోనే క్రెయిగ్ బ్రాడ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక గ్రంథంలో వివరించాడు. నేడు ఫోను అర్ధరాత్రి సైతం పిలుస్తున్నది. పని వేళలు ముగిసిన పిమ్మట ఫోనుకు, సందేశాలకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్సు 2017 నుండి చట్టంలో చేర్చినది.

మన కళాశాల విద్యార్థినులలో పలువురికి రేపు ఇంటినుండి చేసే ఉద్యోగమే లభించవచ్చు. కుమార్తె ఇంట్లో ఉన్నంతమాత్రాన ఖాళీగా ఉన్నదని భావించరాదు. ఆమె పని వేళలను కుటుంబం గౌరవించాలి. కళాశాల కమిటీ వారు సాయంకాలం పఠన మందిరంలో కంప్యూటర్లు, కూర్చొని చర్చించుకొనే చోటు కల్పించినచో ఒంటరితనం కొంత తీరుతుంది. ఉర్దూలోనూ మన తెలుగులోనూ వాడుకలో ఉన్న మాట ‘ఫుర్సత్’. అది సోమరితనం కాదు. రేపటి పనికి ఊపిరి. దానిని కాపాడుకొనడం మనందరి బాధ్యత.