ఎకోస్పోర్టు: ఒక చిన్న మోటారు బండి పుట్టుక, రకములు, లోపములు

మోటారు బండ్లలో క్రాసోవరు అను జాతి యొకటి ఈ యిరువది యేండ్లలో మిక్కిలి ప్రబలినది. జీపువంటి ఆకారమును, పట్టణములలో తిరుగు చిన్న కారు యొక్క అవయవములను ఒక్కచోట కూర్చినయెడల క్రాసోవరు అగును. చూచువారికిది ఎత్తుగా, గంభీరముగా నుండును. క్రింద వంగి చూచినయెడల చిన్న కారే. నిజమైన జీపునకు లారీకివలె ఇనుప చట్టము వేఱుగా నుండి, దానిపై దేహము బిగింపబడును. క్రాసోవరునకట్లు గాదు, ఱేకుతో చేసిన దేహమే దానికి చట్టము. అందుచేత నిది తేలికయైనది, చౌకయైనది, ఇంధనమును తక్కువగా వ్యయపఱచునది.

ఈ జాతిలో మన దేశమునందు మొదట పేరు పడినవానిలో నొకటియు, మన దేశమున తయారై సముద్రములు దాటి అమెరికా వఱకు పోయినదియు నగు ఫోర్డు కంపెనీవారి ఎకోస్పోర్టును గూర్చి యిచ్చట వ్రాయబూనితిని. మన దేశమున దాని నిర్మాణము 2022లో నిలిచిపోయినను, ఆ బండ్లు నేటికిని మన వీధులలో తిరుగుచునే యున్నవి. అవి చేతులు మాఱి, క్రొత్త బండి కొనుటకు శక్తి చాలని కుటుంబముల యిండ్లకు చేరుచున్నవి. కూడబెట్టిన సొమ్ముతో నట్టి బండిని కొనువారికి దాని గుణములకంటె దోషములు ముందుగా తెలియవలయును.

ఎకోస్పోర్టు పుట్టినిల్లు బ్రెజిల్ దేశము. ఆ దేశపు ఈశాన్య భాగమున, బహియా రాష్ట్రమునందలి కమసారి పట్టణమున ఫోర్డువారు 2001లో నొక కార్ఖానాను తెఱచిరి. అచ్చటి బాటలు మన బాటలకు దాయాదులు. గుంటలును, వేగమునాపు దిబ్బలును మెండు. పెద్ద జీపును కొను శక్తి అందఱకును లేదు. కావున ఫియెస్టా అను చిన్న కారు అడుగుభాగమును తీసికొని, దానిని ఎత్తుచేసి, వెనుక తలుపునకు స్టెప్నీ చక్రమును తగిలించి, 2003లో ఎకోస్పోర్టను పేరుతో అమ్మకమునకు పెట్టిరి. 1.6 లీటర్ల ఇంజను, 2 లీటర్ల ఇంజను, గాలిని బలవంతముగా లోనికి నెట్టు సాధనము గల 1 లీటరు ఇంజను అని మూడు రకములుండెను. నాలుగు చక్రములను త్రిప్పు రకమును కూడ పిమ్మట చేసిరి. ఆ దేశమున దీనికి చాలకాలము సరియైన పోటీయే లేకుండెను.

రెండవ తరపు ఎకోస్పోర్టును సర్వదేశములకును పనికివచ్చునట్లు బ్రెజిల్‌లోని శిల్పులే ముఖ్యముగా రచించిరి. అది 2012 జనవరిలో ఢిల్లీ మోటారు ప్రదర్శనమున లోకమునకు చూపబడినది. మన దేశమున 2013 జూన్ నెలలో అమ్మకము మొదలాయెను. అన్నిటికంటె చౌక రకము ధర ఢిల్లీలో 5 లక్షల 59 వేల రూపాయలు. చెన్నపట్టణము చెంతనున్న మఱైమలై నగరు కార్ఖానాలో దీనిని చేసిరి. అంత తక్కువ ధర యెట్లు సాధ్యమాయెనని అడుగవచ్చును. కొన్ని రకముల విషయమున దానికొక కారణము పన్నుల చట్టము. నాలుగు మీటర్లకు మించని పొడవును, 1,200 ఘన సెంటీమీటర్లకు మించని పెట్రోలు ఇంజను గాని 1,500కు మించని డీజిలు ఇంజను గాని గల బండిని మన ప్రభుత్వము చిన్న కారుగా నెంచి, ఆనాడు నూటికి 12 వంతుల ఎక్సైజు పన్ను మాత్రమే విధించుచుండెను. ఆ హద్దు దాటిన బండికి 24 వంతులు మొదలుకొని అంతకంటె నెక్కువయు నుండెను. కాబట్టి మన ఎకోస్పోర్టు పొడవును లెక్కకు 3,999 మిల్లీమీటర్లుగా నిర్ణయించిరి. హద్దునకు ఒక్క మిల్లీమీటరు తక్కువ! బండి రూపమును శిల్పి కొంత నిర్ణయించెను, పన్నుల అధికారి కొంత నిర్ణయించెను.

పరదేశమునకు తగినట్లు చేసిన వస్తువు మన దేశమునకు వచ్చినపుడు చిన్న చిన్న చిక్కులు కలుగుచుండును. ఎకోస్పోర్టు వెనుక తలుపు పైకి లేచునది కాదు. బీరువా తలుపువలె ప్రక్కకు తెఱచుకొనునది. దాని పిడి కుడివైపు దీపములో దాగియుండును. బందులు ఎడమవైపున నున్నవి. బ్రెజిల్‌లో బండ్లు బాటకు కుడివైపున నడచును గనుక, కాలిబాటమీద నిలిచి సామాను పెట్టువానికి తలుపు అడ్డు రాదు. మన దేశమున ఎడమవైపున నడతుము. కాలిబాటమీద నిలిచినవానికి ఆ తలుపే గోడయగును. చుట్టు తిరిగి, బండ్లు పోవుచున్న బాటలోనికి దిగి సామానెత్తవలయును. ఇది పెద్ద దోషము కాదు గాని ప్రతిదినమును కనిపించునది. ఐరోపావారికి వెనుక వ్రేలాడు చక్రము రుచింపలేదు. 2015లో వారి బండ్లనుండి దానిని కోరినయెడల తీసివేయునట్లు సవరించిరి. మనవారికి ఆ చక్రమే బండికి మీసమువలె నచ్చినది.

మన దేశమున మొదట వచ్చిన రకములు మూడు ఇంజనులతో నుండెను. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనుకు నాలుగు సిలిండర్లు, 112 అశ్వశక్తి. ఇది 1,200 హద్దు దాటినది గనుక తక్కువ పన్నునకు నోచుకొనలేదు. 1,498 ఘన సెంటీమీటర్ల డీజిలు ఇంజనుకు మొదట 91, తరువాత 100 అశ్వశక్తి. దూరప్రయాణములు చేయువారు దీనిని మెచ్చిరి. మూడవది ఎకోబూస్టు అను 1 లీటరు పెట్రోలు ఇంజను. భూమినుండి బండి యడుగునకు 200 మిల్లీమీటర్ల ఎత్తు. 550 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడచునని కంపెనీవారు చాటిరి. వానకాలమున మన పట్టణముల వీధులను చూచినవారికి ఈ మాట విలువ తెలియును. 2017 నవంబరులో బండి ముఖమును మార్చి, 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనుకు బదులు మూడు సిలిండర్లు, 123 అశ్వశక్తి గల క్రొత్త ఇంజనును పెట్టిరి. ఆ యేటనే రుమేనియా దేశపు క్రయోవాలో ఐరోపా కొఱకు నిర్మాణము మొదలాయెను. 2018లో చెన్నపట్టణపు బండ్లు అమెరికా సంయుక్త రాష్ట్రముల అంగళ్లకు చేరెను.

ఇక ఎకోబూస్టు సంగతి కొంత నిదానముగా చెప్పవలసి యున్నది. దాని ఇంజను దిమ్మ ఏ-4 కాగితముపై నిలుచునంత చిన్నది. మూడే సిలిండర్లు. అయినను టర్బో అను చిన్న గాలిచక్రము నిమిషమునకు రెండు లక్షలకు పైగా చుట్లు తిరిగి లోనికి గాలిని దట్టించుటచేత 125 అశ్వశక్తి పుట్టును. 2012, 2013, 2014 సంవత్సరములలో వరుసగా మూడుమాఱులు ఇది లోకమునందలి ఉత్తమ ఇంజను అను బహుమానమును పొందినది. ఆ బహుమానమునకు కారణమైన యుక్తులలో నొకటియే కాలక్రమమున దానికి రోగమైనది.

ఇంజనులో పిస్టను పైకి వచ్చువేళకు వాల్వులు మూసికొనవలయును. దిగువేళకు తగినది తెఱచుకొనవలయును. ఈ తాళమును తప్పకుండ నడపునది టైమింగు బెల్టు గాని గొలుసు గాని. పూర్వము నుండి రెండు పద్ధతులున్నవి: నూనెలో తిరుగు ఇనుప గొలుసు, లేక ఇంజను వెలుపల పొడిగా తిరుగు రబ్బరు బెల్టు. గొలుసు బలమైనది గాని చప్పుడును, ఒఱపిడియు నెక్కువ. పొడి బెల్టు మెత్తగా తిరుగును గాని కొన్నియేండ్లకు మార్చవలయును. ఎకోబూస్టు శిల్పులు రబ్బరు బెల్టునే ఇంజను నూనెలో తిరుగునట్లు చేసిరి. అందువలన చప్పుడు తగ్గెను, ఇంధనము కొంత మిగిలెను. ఈ బెల్టు పదియేండ్లు లేక 2 లక్షల 40 వేల కిలోమీటర్లు నిలుచునని మొదట ప్రకటించిరి. నూనెను పైకి తోడు పంపును త్రిప్పుటకును మఱియొక బెల్టు నూనెలోనే యుండెను.

బండిచక్రమునకు కందెన పెట్టిన రైతునకు తెలియును, ఏ నూనెయైనను కొంతకాలమునకు మడ్డియగును. ఇంజను నూనె యింకను త్వరగా చెడును. కాలని పెట్రోలు, నీటి యావిరి, మసి, ఆమ్లములు దానిలో చేరును. ప్రతిదినమును అరమైలు పోయి ఇంజను వేడెక్కకమునుపే ఆపు బండిలో ఈ కలుషము మఱింత యెక్కువ, ఏలయన నూనెలో చేరిన పెట్రోలు ఆవిరియై పోవుటకు తగిన వేడి కలుగదు. అట్టి నూనెలో గాని, ఆ యింజనుకు నిర్ణయింపని నూనెలో గాని నానిన రబ్బరు మెత్తబడి, ఉబ్బి, పొరలుగా ఊడును. ఆ ముక్కలు అడుగునకు దిగి, పంపు నూనె పీల్చు మూతినున్న జల్లెడను మూసివేయును. బావిలో నీరున్నను బొక్కెనకు అందనట్లు, నూనె యుండియు ఇంజనుకు అందదు. నూనె పలుచని పొరయే ఆధారముగా తిరుగు టర్బోయు, బేరింగులును మొదట చెడును. పిమ్మట ఇంజనే బిగుసుకొని పోవును. బెల్టు తెగకయే ఇంజను చచ్చుట యిందలి విశేషము. ఎఱ్ఱని నూనెదీపము వెలిగినపుడు ‘ఇంటికి పోయి చూతము’ అని నడిపినవాడు ఇంజనునకు నీళ్లు వదలుకొనవలసినదే.

2023 డిసెంబరులో అమెరికాలో ఫోర్డువారు సుమారు 1 లక్షా 39 వేల బండ్లను మరమ్మతునకు పిలిపించిరి. వానిలో 2018 మొదలు 2022 వఱకు నమూనాలైన 1 లీటరు ఎకోస్పోర్టులును, ఫోకస్ అను కార్లు కొన్నియు నుండెను. నూనె పంపు బెల్టును బిగువుగా పట్టు చేయి విఱిగి గాని ఊడి గాని నూనె యొత్తిడి పడిపోవుట అందలి దోషము. నడుచుచున్న బండిలో ఇంజను ఆగినచో బ్రేకునకు యంత్రసహాయము తప్పును. పెడలు ఱాయివలె గట్టిపడును. కావున నిది సొమ్మునకు సంబంధించిన మాట మాత్రమే కాదు, ప్రాణములకు సంబంధించినది. 2017లో మన దేశమున వచ్చిన 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజనులోను టైమింగు బెల్టు నూనెలోనే తిరుగును. దానికంటె ముందున్న నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనులో మాత్రము బెల్టు పొడిగా వెలుపల నుండును.

రెండవ పెద్ద లోపము గేరుపెట్టెది. క్లచ్చి త్రొక్కనక్కఱలేక తనంతట గేరులు మాఱు ‘పవర్‌షిఫ్టు’ అను పెట్టెను 1.5 లీటర్ల పెట్రోలు రకమునకు పెట్టిరి. దానిలో రెండు క్లచ్చిలు. ఒకటి బేసి గేరులకు, మఱియొకటి సరి గేరులకు. నూనెలో నానని పొడి క్లచ్చిలు గనుక శక్తి వ్యర్థము కాదు. అయితే సందడి బజారులో నత్తనడక నడచునపుడు పొడి క్లచ్చి మాటిమాటికి జాఱుచు పట్టుచు వేడెక్కును. లోని సీలు కాఱి కొద్దిపాటి ద్రవము దానిపై పడినను పట్టు చెడి, బండి చలిజ్వరము వచ్చినవానివలె వణకును. ఈ పెట్టె ఫియెస్టా, ఫోకస్ కార్లలోను ఉండుటచేత అనేక దేశములలో ఫిర్యాదులు బయలుదేఱెను.

ఆస్ట్రేలియాలో జరిగినది గుర్తింపదగినది. బండి వణకుచున్నదని మొఱపెట్టుకొన్నవారితో, అది మీరు నడపు తీరువలన కలిగినదని కంపెనీవారు తఱచుగా చెప్పిరి. నాణ్యతలోపమున్నట్లు వారికి 2013 నాటికే తెలియునని ఆ దేశమున కొనుగోలుదారుల హక్కులను కాపాడు ప్రభుత్వ కమిషను వ్యాజ్యములో తేలెను. 2018 ఏప్రిల్‌లో అచ్చటి ఫెడరలు న్యాయస్థానము ఒక కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించెను. యంత్రమున లోపముండుట శిల్పి పొరపాటు కావచ్చును. లోపము తెలిసియు తప్పు కొనినవానిదే యనుట వేఱు సంగతి, మొదటిదానికంటె నీచమైనది. మన దేశమున 2017లో ముఖము మార్చినపుడు ఈ పెట్టెను తొలగించి, నూనె ద్వారా శక్తిని అందించు టార్కు కన్వర్టరు గల పాతకాలపు పద్ధతి పెట్టెను పెట్టిరి. అది మొండిది గాని నమ్మదగినది.

తక్కిన లోపములను క్లుప్తముగా చెప్పెదను. అమ్మిన బండిని కంపెనీవారే పిలిపించి తమ ఖర్చుతో సరిచేయుటను రీకాలు అందురు. మన దేశమున 2015లో 16,444 ఎకోస్పోర్టులను వెనుక సస్పెన్షను లోపము నిమిత్తమును, 2016లో సుమారు 48 వేల డీజిలు బండ్లను ఇంధనపు గొట్టములు, బ్రేకు గొట్టములు కలిపి కట్టిన కట్టను సరిచేయు నిమిత్తమును, 2018లో 5 వేలకు పైగా బండ్లను ముందుచక్రపు చేయి అతుకు, సీటు బిగింపు నిమిత్తమును పిలిపించిరి. రీకాలు జరిగినదని విని ఆ బండి చెడ్డదని కొందఱు తలంతురు. నా యభిప్రాయమున పిలిచిన కంపెనీకంటె, పిలిచినను పోని యజమాని యెక్కువ భయంకరుడు.

కమసారి కార్ఖానా 2021 జనవరిలో మూతపడినది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 9వ తేదీన, పదియేండ్లలో 200 కోట్ల డాలర్లకు మించిన నష్టము వచ్చినదని చెప్పి, భారతదేశమున బండ్ల నిర్మాణమును మానుచున్నట్లు ఫోర్డువారు ప్రకటించిరి. 2022లో మఱైమలై నగరున చివరి ఎకోస్పోర్టు బయటికి వచ్చెను. వేలమంది పనివారు జీవనోపాధిని కోల్పోయిరి.

ఇప్పుడు పాత ఎకోస్పోర్టును కొనదలచినవారు రంగును, టైర్లను చూచుటకు మునుపు అది యే యింజనుదో అడుగవలయును. ఎకోబూస్టు అయినచో నూనె మార్చిన రసీదులు చూపుమనవలయును. ఆ ఇంజనుకు ఫోర్డువారు నిర్ణయించిన 5డబ్ల్యు-20 రకపు నూనె పోయబడినదా, ఏటేట మార్చబడినదా యని పరీక్షింపవలయును. రసీదులు లేనిచో, నూనెచట్టిని దింపి జల్లెడను, బెల్టును చూడగల మేస్త్రీకి చూపిన పిమ్మటనే బేరమాడవలయును. పవర్‌షిఫ్టు రకమైనచో, ఉదయము ఖాళీ బాటపై గాక, సాయంకాలము బజారులో అరగంట నడిపి చూడవలయును. వణకు అప్పుడు బయటపడును. చివరకు, బండి చట్టమునకు చెక్కిన 17 అక్షరముల సంఖ్యను వ్రాసికొని కంపెనీ మరమ్మతుశాలలో నిచ్చినయెడల, ఆ బండికి రావలసిన రీకాలు పనులలో ఏవి జరిగినవో, ఏవి మిగిలియున్నవో చెప్పుదురు.