గెలుపు పాటా, గొంతు నొక్కిన ఏడుపా?
షోస్టకోవిచ్ సింఫనీలు వినడం ఎలా

1942 ఆగస్టు 9. రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరాన్ని జర్మన్ సేనలు చుట్టుముట్టి అప్పటికి పదకొండు నెలలు. అంతకుముందు చలికాలంలో కార్మికులు కానివారికి రోజుకు 125 గ్రాముల రొట్టె మాత్రమే రేషను. అందులోనూ పిండి తక్కువ, పొట్టు ఎక్కువ. లక్షల మంది ఆకలికి, చలికి రాలిపోయారు. అలాంటి నగరంలో ఆ సాయంత్రం ఫిల్‌హార్మోనిక్ హాలు జనంతో నిండిపోయింది. వారంతా వచ్చింది సంగీత కచేరీ వినడానికి!

వాయించింది లెనిన్‌గ్రాడ్ రేడియో వాద్యబృందం. నడిపించినవారు కార్ల్ ఎలియాస్‌బర్గ్. ఈ కచేరీకి సుమారు వంద మంది వాద్యగాళ్లు కావాలి. మొదటి రిహార్సలుకు లేచి రాగలిగినవారు 15 మందే. బాకా ఊదేవారికి ఊపిరి చాలలేదు, పావుగంటకే రిహార్సలు ఆపేశారు. తర్వాత వాద్యగాళ్లకు రేషను కొంచెం పెంచారు. యుద్ధరంగంలో ఉన్న సైనికుల్లో వాయించడం వచ్చినవారిని పిలిపించారు. డ్రమ్ము వాయించే ఐదరోవ్ పోయాడనుకుని శవాల దగ్గర పడవేస్తే, ఎలియాస్‌బర్గ్ వెదుక్కుంటూ వెళ్లి చూసేసరికి మనిషి కదిలాడని చెబుతారు. ఆ డ్రమ్ము వాద్యగాడు లేనిదే ఆ కచేరీ లేదు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

కచేరీ సమయంలో హాలు మీద గుండ్లు పడకుండా సోవియట్ ఫిరంగులు ముందుగానే జర్మన్ స్థావరాల మీద విరుచుకుపడ్డాయి. వీధుల్లో లౌడుస్పీకర్లు పెట్టి ఆ సంగీతాన్ని ఊరంతటికీ వినిపించారు. ముట్టడి వేసిన శత్రువుకూ వినిపించారు.

అది డిమిట్రి షోస్టకోవిచ్ కూర్చిన ఏడో సింఫనీ. ఆయన 1906లో అదే నగరంలో పుట్టారు. అప్పటికి దాని పేరు సెయింట్ పీటర్స్‌బర్గ్, 1991 నుంచి మళ్లీ అదే పేరు. కుర్రతనంలో మూగ సినిమాలకు తెర పక్కన కూర్చుని పియానో వాయించి ఇల్లు గడిపారు. 19వ ఏట చదువు పూర్తిచేస్తూ రాసిన మొదటి సింఫనీ 1926లో వాయిస్తే ఆయన పేరు దేశదేశాలకు పాకింది. మొత్తం పదిహేను సింఫనీలు రాశారు.

సింఫనీ అంటే ఏమిటని అడిగేవారికి ఒక్క మాట. ఎక్కువ సింఫనీల్లో పాటలుండవు, మాటలుండవు. వయొలిన్లు, పిల్లనగ్రోవులు, బాకాలు, డ్రమ్ములు కలిసి సాధారణంగా నాలుగు భాగాలుగా వాయిస్తారు. అందరికీ ముందు నిలబడి చేతిలో చిన్న కర్రతో నడిపించేవారిని కండక్టర్ అంటారు. టిక్కెట్లు ఇచ్చే కండక్టర్ కాదు సుమా! మన కచేరీల్లో విద్వాంసుడు అప్పటికప్పుడు రాగాన్ని పెంచుకుంటూ పోతాడు. అక్కడ ప్రతి స్వరం ముందే కాగితం మీద రాసి ఉంటుంది. రాసినది రాసినట్టే వాయించాలి.

అలా రాసి ఉన్నా ఒక కండక్టర్ వాయించినట్టు ఇంకొకరు వాయించరు. షోస్టకోవిచ్ సంగీతంలోని మర్మమంతా అక్కడే ఉంది. రికార్డులు రెండు మూడు పక్కపక్కన పెట్టుకుని వింటేగాని అది బోధపడదు.

డ్రమ్ము మోత

ఏడో సింఫనీలో మొదటి భాగం దాదాపు అరగంట. మొదట అంతా ప్రశాంతంగా ఉంటుంది. ఇంతలో ఎక్కడో దూరాన చిన్న డ్రమ్ము మొదలవుతుంది. మన పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్లు మెడకు తగిలించుకునే డ్రమ్ము లాంటిదే. దాని మీద ఒక తేలికపాటి వరస, పిల్లలు ఈల వేసుకునే రకం. ఆ వరసే పన్నెండుసార్లు వస్తుంది. రాగం మారదు, మోత మారదు. వాద్యాలు మాత్రం ఒకటొకటిగా చేరుతూ, మొదట్లో నవ్వు తెప్పించిన వరస చివరికి ఒళ్లు జలదరింపజేస్తుంది. ఊరి పొలిమేరలో కనిపించిన చిన్న గుంపు ఇంటి గుమ్మం ముందుకు వచ్చి నిలబడినట్టు ఉంటుంది.

హంగరీ స్వరకర్త బేలా బార్టోక్ ఇది రేడియోలో విని విసుక్కున్నారు. 1943లో తాను రాసిన ఒక కృతిలో ఆ వరసను వెక్కిరించారు కూడా. నిజానికి ఒక్కసారి విని వదిలేసేవారికి ఆ విసుగు సహజమే. ఫోనులో సౌండు బాగా తగ్గించుకుని వింటే మాత్రం ఆ మొదటి డ్రమ్ము అసలు వినిపించదు, తర్వాతి మోత చెవులు పగలగొడుతుంది. దీన్ని మంచి స్పీకర్లలో, ఇంట్లో సందడి లేని వేళ వినాలి.

ఈ సింఫనీని ఆయన లెనిన్‌గ్రాడ్‌లోనే, ముట్టడికి ముందే మొదలుపెట్టారు. బాంబులు పడితే మంటలార్పే దళంలో కూడా పనిచేశారు. 1941 అక్టోబరులో ప్రభుత్వం ఆయనను బయటికి తరలించింది. డిసెంబరు 27న కుయిబిషెవ్‌లో రాత పూర్తయింది. 1942 మార్చి 5న తొలి ప్రదర్శన అక్కడే జరిగింది. ఆ కాగితాలను ఫిల్ముగా తీసి టెహరాన్, కైరో మీదుగా అమెరికాకు పంపితే, జులై 19న టోస్కనీనీ న్యూయార్క్‌లో రేడియో ద్వారా వినిపించారు. ఆనాటి వాద్యం రికార్డుగా నేటికీ దొరుకుతోంది. శబ్దం పాతబడింది, గరగరలున్నాయి. అయితే యుద్ధం ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియని రోజున వాయించినదని గుర్తు పెట్టుకుని వింటే ఆ గరగరలు అడ్డు రావు. శుభ్రమైన శబ్దం కోరేవారికి లెనార్డ్ బెర్న్‌స్టీన్ 1988లో చికాగోలో చేసిన రికార్డింగు ఉంది.

అసలు చిక్కు

అసలు చిక్కంతా 1937 నాటి అయిదో సింఫనీలో ఉంది. దానికి ముందు జరిగినది తెలియాలి. 1936 జనవరిలో స్టాలిన్ ఆయన ఒపేరా చూడడానికి వచ్చి, పూర్తి కాకుండానే లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులకే ‘ప్రావ్దా’ పత్రిక అది సంగీతం కాదు, గందరగోళమని దుయ్యబట్టింది. ఆ రోజుల్లో అటువంటి రాతకు అర్థం ఏమిటో అందరికీ తెలుసు. ఆయనను ఆదరించిన మార్షల్ తుఖచెవ్‌స్కీని మరుసటి ఏడు కాల్చి చంపారు. రిహార్సళ్లలో ఉన్న నాలుగో సింఫనీని షోస్టకోవిచ్ వెనక్కు తీసుకున్నారు. దాన్ని మొదటిసారి జనం విన్నది 1961 డిసెంబరు 30న. పాతికేళ్లు ఆ కాగితాలు అలాగే ఉండిపోయాయి.

ప్రాణం అరచేతిలో పెట్టుకుని రాసినది అయిదోది. 1937 నవంబరు 21న లెనిన్‌గ్రాడ్‌లో మ్రవిన్‌స్కీ దాన్ని వాయింపజేశారు. మూడో భాగం నెమ్మదిగా సాగుతుంటే హాలులో జనం కంట తడి పెట్టారు. అయిపోయాక చప్పట్లు అరగంటకు పైగా ఆగలేదు. ప్రభుత్వానికీ నచ్చింది. ఎందుకంటే చివర బాకాలతో, డ్రమ్ములతో విజయఘోషలా ముగుస్తుంది.

అది నిజంగా విజయమేనా? ఆ ముగింపులో వయొలిన్లు ఒకే స్వరాన్ని 200 పైచిలుకు సార్లు పట్టు వదలకుండా రాపాడిస్తాయి. దాన్ని ఎంత వేగంగా వాయించాలన్నదే తగాదా. ఒక ముద్రణలో అచ్చయిన వేగం ఇంకొక ముద్రణలో దాదాపు సగం ఉంది! 1959లో బెర్న్‌స్టీన్ మాస్కో వెళ్లి, స్వరకర్త వింటూ ఉండగా ఇది వాయించి, తిరిగి వెళ్లగానే అమెరికాలో రికార్డు చేశారు. అందులో ముగింపు గుర్రం దౌడు తీసినట్టు ఉంటుంది. విన్నవారికి ఉత్సాహం పుడుతుంది. షోస్టకోవిచ్‌కు ఆప్తుడైన రోస్త్రొపోవిచ్ వాషింగ్టన్ బృందంతో చేసిన రికార్డులో అదే ముగింపు బరువుగా, ఈడ్చుకుంటూ నడుస్తుంది. సంతోషించు, సంతోషించు అని వీపు మీద కర్రతో బాదుతున్నట్టు ఉంటుంది. కాగితం మీది స్వరాలు రెండింటిలోనూ అవే. నడక మారితే అర్థం తలకిందులైంది.

రెండు రికార్డుల్లో చివరి అయిదారు నిమిషాలు ఒకదాని వెంట ఒకటి వింటే చాలు. సంగీత శాస్త్రం ఏమీ రాకపోయినా, భజనలో నడక తెలిసినవారికి ఈ తేడా ఇట్టే పట్టుబడుతుంది.

ఆయన జీవితం తెలుసుకోవడానికి మంచి డాక్యుమెంటరీలున్నాయి. కెనడా దర్శకుడు లారీ వైన్‌స్టీన్ 1997లో తీసిన ‘ద వార్ సింఫనీస్’లో నాలుగు నుంచి తొమ్మిది వరకు సింఫనీల కథ ఉంది. ఆ రోజులు చూసినవారే అందులో మాట్లాడతారు. సొకురోవ్, అరనోవిచ్ కలిసి 1981లో తీసిన చిత్రాన్ని సోవియట్ దేశంలో కొన్నేళ్లు బయటికే రానివ్వలేదు. యుద్ధకాలపు పాత ఫిల్ము ముక్కల్లో కళ్లద్దాల షోస్టకోవిచ్ పియానో ముందు కూర్చుని ఏడో సింఫనీ వరస స్వయంగా వాయిస్తూ కనిపిస్తారు. ఇక ‘గాంధీ’ సినిమాలో గాంధీగా నటించిన బెన్ కింగ్‌స్లే షోస్టకోవిచ్‌గా వేసిన ‘టెస్టిమొనీ’ కూడా ఉంది. అది కథాచిత్రం. దానికి ఆధారమైన పుస్తకంలోని మాటలు నిజంగా షోస్టకోవిచ్ చెప్పినవేనా అని పండితుల్లో ఇప్పటికీ వాదం ఉంది. సినిమాగా చూడవచ్చు, చరిత్రగా నమ్మి ఊరుకోరాదు.

లెనిన్‌గ్రాడ్ కచేరీలో వాయించినవారిలో మిగిలిన 22 మంది 1964 జనవరి 27న మళ్లీ అదే హాలులో, ఎలియాస్‌బర్గ్ ముందు కూర్చుని ఆ ఏడో సింఫనీ వాయించారు. వినడానికి షోస్టకోవిచ్ వచ్చారు. 1972లో ఆఖరిదైన పదిహేనో సింఫనీని కుమారుడు మక్సీమ్ నడిపించారు. అది గడియారం టిక్కుటిక్కులు కొట్టినట్టు సన్నగా ముగుస్తుంది. 1975 ఆగస్టు 9న ఆయన మాస్కోలో కన్నుమూశారు. లెనిన్‌గ్రాడ్ కచేరీ జరిగి ఆ రోజుకు సరిగ్గా 33 ఏళ్లు.

ఏడోది గంటా పావు పడుతుంది. అంత తీరిక లేనివారు తొమ్మిదోదానితో మొదలుపెట్టవచ్చు. 1945లో యుద్ధం గెలిచాక అందరూ బ్రహ్మాండమైన విజయగీతం వస్తుందని ఎదురుచూస్తుంటే, ఆయన చిలిపిగా, చిన్నగా రాసి ఇచ్చారు. పెద్దలకు కోపం వచ్చింది. పాతిక నిమిషాల్లో అయిపోతుంది.