పొద్దుపోయి తింటే పెరిగేది ఆకలి!

స్థూలకాయులకు ఎవరైనా చెప్పే సలహా ఒక్కటే: తిండి తగ్గించండి. అది పాటించలేనివారికి నిగ్రహం లేదన్న నింద ఇంటా బయటా తప్పదు. అయితే ఆకలి కేవలం మనోబలానికి సంబంధించినది కాదని, భోజనవేళ కూడా దానిని ప్రభావితం చేస్తుందని పరిశోధనలు సూచిస్తున్నాయి.

అమెరికాలోని బోస్టన్‌లో గల బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రి పరిశోధకులు 2022లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్న 16 మందిని ప్రయోగశాలలో ఉంచి, ఒక విడత పెందలాడే, మరో విడత సుమారు నాలుగు గంటలు ఆలస్యంగా భోజనం పెట్టారు. రెండు విడతల్లోనూ ఆహారం, పరిమాణం ఒక్కటే. ఆలస్యంగా తిన్నప్పుడు ఆకలి కలిగే అవకాశం రెట్టింపయింది. ఇక తినడం చాలునని మెదడుకు తెలిపే లెప్టిన్ హార్మోను తగ్గింది. మెలకువలో శరీరం ఖర్చు చేసే శక్తి సైతం తగ్గింది. కొవ్వు కణజాలంలోని జన్యువుల పనితీరు కొవ్వు నిల్వకు అనుకూలంగా మారింది.

మధ్యాహ్న భోజనమే ప్రధానమైన స్పెయిన్‌లో బరువు తగ్గేందుకు 20 వారాలు చికిత్స పొందిన 420 మందిపై జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. మధ్యాహ్నం మూడు గంటల తర్వాత భోంచేసేవారు, అంతకుముందే చేసేవారి కంటే తక్కువ బరువు తగ్గారు. ఇరువర్గాలు తీసుకున్న కేలరీలు దాదాపు సమానమే.

అలాగని వేళ మార్చుకుంటే చాలునని భావించరాదు. చైనాలోని గ్వాంగ్జౌలో 139 మంది స్థూలకాయులకు ఏడాదిపాటు కేలరీల పరిమితి విధించారు. వారిలో ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోగా మాత్రమే తిన్నవారు సగటున 8 కిలోలు, వేళ నియమం లేనివారు 6.3 కిలోలు తగ్గారు. ఈ తేడా గణాంకరీత్యా ప్రాముఖ్యం గలది కాదని 2022లో తేల్చారు. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం అదే ఏడాది ప్రచురించిన అధ్యయనంలోనూ ఉదయం ఎక్కువ తిన్నా, రాత్రి ఎక్కువ తిన్నా బరువు ఒకేలా తగ్గింది. కానీ ఉదయం ఎక్కువ తిన్నప్పుడు ఆకలి తక్కువగా ఉంది.

అంటే బరువును ప్రధానంగా నిర్ణయించేది తిండి పరిమాణమే. దానిని తగ్గించుకోవడం సులభమా, కష్టమా అన్నది మాత్రం కొంతవరకు వేళపై ఆధారపడి ఉంటుంది.

భారత్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో 24 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం గలవారే. రాత్రి భోజనాన్ని ముందుకు జరిపి, తేలిక చేసుకోవడానికి ఖర్చేమీ లేదు. అయితే ఇన్సులిన్ లేదా మధుమేహం మాత్రలు వాడేవారు వైద్యుని సంప్రదించకుండా భోజనవేళలు మార్చుకోరాదు.