జ్వరం లేదని దగ్గును వదలరాదు

ఎల్.బి. నగర్: నల్గొండ, ఖమ్మం వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్.బి. నగర్ చౌరస్తాలో ఆగగానే బియ్యం సంచులు, పచ్చడి సీసాలు, సకినాల డబ్బాలు దిగుతాయి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట గల్లీల్లోని హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం ఇంటివారు పంపేవి ఇవి. ఆ డబ్బా తన బిడ్డే తిన్నదో, పక్క మంచం పిల్లలకు పంచిపెట్టిందో ఊళ్లో ఉన్న తల్లికి తెలియదు. ఫోనులో "తిన్నవా బిడ్డా?" అంటే "తిన్ననే అమ్మా" అన్న జవాబే వస్తుంది.

చేతిలో డబ్బు లేక పూట మానేసేవారున్నారు. హాస్టలు సాంబారు గొంతు దిగక మానేసేవారూ ఉన్నారు, వారిని తప్పుపట్టలేం. అయితే ఎదుట అన్నం ఉన్నా లావవుతామన్న భయంతో ముట్టనివారు, తిన్నది ఎవరూ చూడకుండా కక్కేసేవారు కొందరుంటారు. ఇది పొగరు కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. మనసుకు వచ్చే జబ్బు. డాక్టర్లు అనొరెక్సియా, బులీమియా అంటారు. ఆడపిల్లల్లో ఎక్కువ, మగపిల్లలకూ వస్తుంది.

మనిషి బక్కచిక్కడంతో ఇది ఆగదు. కక్కినప్పుడు కడుపులోని పులినీరు, మెతుకులు ఊపిరి గొట్టంలోకి జారితే న్యుమోనియా రావచ్చు. ఒంట్లో కండ కరిగినప్పుడు ఊపిరి పీల్చే కండరాలూ కరుగుతాయి. గట్టిగా దగ్గి కఫం బయటికి తెచ్చే సత్తువ ఉండదు.

అసలు మోసం జ్వరం దగ్గర జరుగుతుంది. బాగా చిక్కిన ఒంటికి జ్వరం తెచ్చుకునే శక్తి కూడా లేకపోవచ్చు. రక్తపరీక్షలో తెల్లకణాలు పెరగకపోవచ్చు. నుదుటి మీద చెయ్యి పెట్టి "ఒళ్లు చల్లగనే ఉంది" అనుకునేలోగా లోపల రోగం ముదురుతుంది. అందుకే చిక్కిన మనిషికి దగ్గు, ఆయాసం ఉంటే జ్వరం లేకున్నా ఛాతీ ఎక్స్‌రే తీయించాలి.

పస్తులకు, క్షయకు ఉన్న చుట్టరికం పాతదే. 2019లో జార్ఖండ్‌లో మొదలైన ఒక పరిశోధనలో క్షయ రోగుల ఇంటివారికి తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు ఇచ్చారు. రోగికి మాత్రమే తిండి ఇచ్చిన ఇళ్లతో పోలిస్తే ఈ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అవి పేదరికపు పస్తులు, హాస్టలు పిల్లవి వేరే పస్తులు. సత్తువ కరిగేది రెండింటిలోనూ.

రెండు వారాలకు మించిన దగ్గుకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో కఫం పరీక్ష ఉచితం. క్షయ అని తేలితే మందులూ ఉచితమే. తిండి ఖర్చుకు 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దానిని వెయ్యి చేశారు. ఛాతీ ఆస్పత్రి ఎర్రగడ్డలో ఉంది. ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగవచ్చు. తిండి మీది భయానికి మానసిక వైద్యుని చూపించాలి. 14416కు ఫోను చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

చిక్కి శల్యమై ఇంటికొచ్చిన బిడ్డకు కంచం నిండా వడ్డించి కొసరి కొసరి తినిపించాలని తల్లికి ఉంటుంది. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలోని లవణాలు పడిపోయి గుండెకు, ఊపిరికి ముప్పు రావచ్చు. ముందు డాక్టరుకు చూపించి, ఆయన చెప్పిన లెక్కన కొద్దికొద్దిగా పెంచాలి.